70 వేలలో గేమింగ్ కంప్యూటర్: ఇంటెల్ తీసుకోవాలా, ఏఎండీ తీసుకోవాలా?

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. కర్నూలులో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈసారి మా ఉల్లికి యార్డులో మంచి ధర పలికింది. ఆ సాయంత్రమే నాన్న 70 వేలు నా చేతిలో పెట్టి, "నీకు కావలసిన కంప్యూటర్ కొనుక్కో, మళ్ళీ నాలుగేళ్ళ దాకా అడగకూడదు" అన్నారు. మానిటర్ అన్నయ్య ఇచ్చాడు. 1080పీ, 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మారుస్తుంది). మిగతాదంతా ఈ డబ్బులోనే రావాలి.

ఆడేది ఎక్కువగా వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2. సెలవుల్లో సైబర్‌పంక్ 2077 మొదలుపెట్టాలని ఆశ. కాలేజీ పనికి కోడింగ్ ఎలాగూ ఉంటుంది.

మా మేనమామ ఇంటెల్ తప్ప వేరేది కొనవద్దంటున్నారు, ఏఎండీ వేడెక్కి పాడవుతుందట. హైదరాబాదులో ఉన్న స్నేహితుడేమో ఈ రోజుల్లో గేమింగ్‌కు ఇంటెల్ ఎవరు కొంటారని అడుగుతున్నాడు. నేను చూసి చూసి మూడు ప్రాసెసర్ల దగ్గర ఆగాను: ఇంటెల్ కోర్ ఐ5 12400ఎఫ్, ఏఎండీ రైజెన్ 5 5600, రైజెన్ 5 7600. మడిలో నాన్న నడుము వంచి సంపాదించిన డబ్బు ఇది. తప్పు చేస్తానేమోనని భయంగా ఉంది. పెద్దలు దారి చూపాలి.

టవర్‌క్లాక్_పాతకాపు (అనంతపురం)

తమ్ముడూ, మీ మామయ్య చెప్పింది ఒకప్పుడు నిజమే. 2011లో ఏఎండీ నుంచి ఎఫ్ఎక్స్ వరుస వచ్చింది. పెట్టె మీద ఎనిమిది కోర్లు (లెక్కలు చేసే భాగాలు) అని ఉండేది గానీ, దశాంశ లెక్కలు చేసే విభాగాన్ని రెండేసి కోర్లు కలిసి వాడుకునేవి. ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ వచ్చింది కూడా ఆ ఏడాదే. ఆటల్లో రెండింటికీ పోలిక కుదరలేదు. ఏఎండీకి కరెంటు ఎక్కువ కావాలి, ఫ్రేములు (సెకనుకు తయారయ్యే బొమ్మలు) తక్కువ వస్తాయి. ఆ ఐదారేళ్ళలో కంప్యూటర్ కొన్నవారి మనసులో 'ఏఎండీ అంటే వేడి' అని ముద్ర పడిపోయింది.

దానికి ముందు సంగతి వేరు. 2003లో అథ్లాన్ 64 వచ్చింది. అప్పట్లో నేను టవర్ క్లాక్ దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో పనిచేసేవాడిని. ఆరు పెంటియమ్ 4 యంత్రాల మధ్య ఒకే ఒక్క అథ్లాన్ 64 ఉండేది. మూలన ఉన్నా పిల్లలు దాని కోసమే వరుస కట్టేవారు, ఖాళీ అయ్యేదాకా బయట మెట్ల మీద కూర్చునేవారు. 2006లో కోర్ 2 డ్యుయోతో ఇంటెల్ మళ్ళీ పైచేయి సాధించింది. 2017 మార్చిలో రైజెన్ రాగానే పరిస్థితి ఇంకోసారి మారింది. అప్పటిదాకా సాధారణ డెస్క్‌టాప్‌కు నాలుగు కోర్లు దాటనివ్వని ఇంటెల్, అదే ఏడాది అక్టోబరులో ఆరు కోర్ల 8700కే తెచ్చింది.

మీ మామయ్య ఎఫ్ఎక్స్ కాలం దగ్గరే ఆగిపోయారు. మీ స్నేహితుడు ఈ ఏడాది వీడియోలే చూశాడు. నువ్వు పెట్టిన మూడింటిలో చెడ్డది ఒక్కటీ లేదు.

నల్లమల_గేమర్ (కర్నూలు)

పాత చరిత్ర తవ్వుకుని ఏం లాభం అన్నా? 13, 14వ తరం చిప్‌లు ఆటల మధ్యలో ఆగిపోతున్నాయని, వోల్టేజీ హద్దు మీరుతోందని 2024 జులైలో ఇంటెల్ తానే ఒప్పుకుంది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200 వరుస చాలా ఆటల్లో తన ముందుతరం 14900కే కన్నా వెనకబడింది. నవంబరులో రైజెన్ 7 9800ఎక్స్3డీ వచ్చి అన్నింటినీ దాటేసింది. ఇంత జరిగాక ఇంటెల్ వైపు చూడడమే దండగ. తమ్ముడూ, కళ్ళు మూసుకుని ఏఎండీ తీసుకో.

టవర్‌క్లాక్_పాతకాపు (అనంతపురం)

నువ్వు చెప్పినవన్నీ జరిగినవే, కాదనను. కానీ ఈ పిల్లవాడు అడిగింది 12400ఎఫ్ గురించి. అది 12వ తరానిది, 2022 జనవరిలో వచ్చింది. ఆ వోల్టేజీ గొడవతో దానికి సంబంధం లేదు. 13, 14 తరాల వాటికి కూడా 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో మైక్రోకోడ్ (చిప్ లోపలి ఆదేశాలు) సవరణలు వచ్చాయి, హామీని ఇంటెల్ మరో రెండేళ్ళు పొడిగించింది. పాత సామానుగా ఆ తరాల ఐ7, ఐ9 కొనేవారు మాత్రం జాగ్రత్తపడాలి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను సవరణ బాగుచేయలేదు.

9800ఎక్స్3డీ కొంటే ఇతని డబ్బులో సగానికి పైగా ఆ ఒక్కదానికే పోతుంది. ఇక గ్రాఫిక్స్ కార్డు దేనితో కొంటాడు? కళ్ళు మూసుకుని కొనమని మాత్రం ఎవరికీ చెప్పవద్దు నాయనా. రైతు డబ్బు అది.

నిర్వాహకుడు

కంపెనీల అభిమానం గురించి వేరే చర్చ తెరిచి ఉంది. ఇక్కడ అడిగిన వ్యక్తి బడ్జెట్‌కు, అవసరానికి తగ్గ సలహాలే ఇవ్వండి.

లెక్చరర్_అనంతపురం

ఈ ఎక్స్3డీ మాట రోజూ వినబడుతోంది కాబట్టి దాని గుట్టు చెబుతాను. తరగతిలో కంప్యూటర్ నిర్మాణం పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు వంటిల్లే చూపిస్తాను. పొయ్యి పక్కన పోపుల డబ్బా ఉంటుంది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి చెయ్యి చాస్తే అందుతాయి. అందులో లేనిది కావాలంటే సామాన్ల గదికి వెళ్ళాలి. అక్కడా లేకపోతే బజారుకు. పొయ్యి మీద నూనె కాగుతూనే ఉంటుంది, వంట ఆగిపోతుంది.

ప్రాసెసర్‌కు పోపుల డబ్బా కాష్. సామాన్ల గది ర్యామ్. బజారు ఎస్ఎస్‌డీ. మూడో స్థాయి కాష్ నుంచి సమాచారం రావడానికి సుమారు 10 నానోసెకన్లు చాలు. ర్యామ్ దాకా వెళ్ళి రావాలంటే 70, 80 దాకా పడుతుంది. ఆటలో తర్వాత ఏ శత్రువు ఏ వైపు తిరుగుతాడో, ఏ గుండు ఎక్కడ తగులుతుందో ముందుగా తెలియదు కాబట్టి ప్రాసెసర్ చెల్లాచెదురుగా ఉన్న సమాచారం కోసం క్షణక్షణం వెతుక్కుంటుంది. డబ్బా పెద్దదైతే ఆ పరుగు తగ్గుతుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్3డీలో ఉన్న 32 ఎంబీ కాష్ మీద మరో 64 ఎంబీ పొరలా పేర్చి మొత్తం 96 చేశారు. ఆ పొర చిప్ పైభాగాన ఉండడంతో వేడి బయటికి పోవడం కష్టమైంది, వేగాన్ని తగ్గించుకోవలసి వచ్చింది. 9800ఎక్స్3డీలో ఆ పొరను కోర్ల కిందికి మార్చారు. ఇప్పుడు కోర్లు పైన ఉన్న లోహపు మూతకు దగ్గరగా ఉంటాయి, అందుకే వేగం 5.2 గిగాహెర్ట్జ్ దాకా పెంచగలిగారు.

నువ్వు పెట్టిన మూడింటిలో 12400ఎఫ్‌కు 18 ఎంబీ, 5600కు 32, 7600కు 32 ఎంబీ కాష్ ఉన్నాయి. మూడూ ఆరేసి కోర్లవే. కాష్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. కోర్ల రూపకల్పన వేరు, గడియారపు వేగం వేరు. 12400ఎఫ్ 4.4 గిగాహెర్ట్జ్ దాకా వెళితే 7600 వేగం 5.1 దాకా వెళుతుంది.

అయితే ఆటలో ప్రాసెసర్ పని ఎక్కడిదాకా? మా ఇంట్లో సంక్రాంతికి అమ్మ చుక్కలు పెడుతుంది, మా చెల్లి, నేను గీతలు కలిపి రంగులు నింపుతాం. ప్రతి ఫ్రేముకు చుక్కలు పెట్టేది ప్రాసెసర్, రంగులు నింపేది గ్రాఫిక్స్ కార్డు. సైబర్‌పంక్‌లో రంగుల పని మోయలేనంత ఉంటుంది. అక్కడ అమ్మ ఎంత గబగబా చుక్కలు పెట్టినా మా చేతులు ఆడవు. వాలరెంట్‌లో రంగుల పని తక్కువ, సెకనుకు కొన్ని వందల ముగ్గులు కావాలి. అక్కడ చుక్కలు పెట్టే చేతిదే వేగం. నీ ప్రశ్నకు రెండు జవాబులు ఉన్నది అందుకే.

మైదుకూరు_గురి (కడప)

మేడమ్ గారు చెప్పింది నేను రోజూ చూసే సంగతి. వాలరెంట్ మూడేళ్ళుగా ఆడుతున్నాను. 144 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం సుమారు 7 మిల్లీసెకన్లు. సగటున 250 ఫ్రేములు వస్తున్నాయని చూపించినా, ఎదురుగా నలుగురు ఒకేసారి పొగబాంబులు వేసిన క్షణంలో అది 90కి పడితే చెయ్యి తడబడుతుంది. సగటు అంకె చూసి మోసపోవద్దు. పరీక్షల్లో 'ఒక శాతం కనిష్ఠం' అని ఇంకో అంకె ఇస్తారు, అంటే అన్నింటికన్నా నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం, అది చూడండి. ఆడే చేతికి తెలిసేది ఆ అంకే.

ఒక పొరపాటు నుంచి నేర్చుకున్నది కూడా చెబుతాను. మొదట 16 జీబీ ర్యామ్ ఒకే కడ్డీగా వేయించుకున్నాను. ఎనిమిది నెలలు ఆట మధ్యలో గతుకులు. ప్రాసెసర్‌నే అనుమానించి అమ్మేయబోయాను. కడప ఏడు రోడ్ల దగ్గర ఒకాయన మూత తెరిచి చూసి, ఇంకో 16 జీబీ కడ్డీ తెచ్చుకోమన్నారు. రెండు కడ్డీలు రెండు దారుల్లో నడిచాక అదే ప్రాసెసర్ మీద ఆట నున్నగా సాగింది. రెండు కడ్డీల సెట్టే కొనండి.

రాజ్‌విహార్_రిపేరు (కర్నూలు)

బాబూ, నేను రాజ్‌విహార్ దగ్గర పద్దెనిమిదేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. నీకు ఇంటికి దగ్గరి మాట ఒకటి చెబుతాను.

నువ్వు చూసే పరీక్షలన్నీ 21, 22 డిగ్రీలు ఉన్న చల్లని గదుల్లో చేస్తారు. మన కర్నూలులో మే నెల మధ్యాహ్నం బయట 42 దాటుతుంది, పైకప్పు రేకులైతే గదిలో 38, 40 ఉంటుంది. వాళ్ళ గదిలో 70 డిగ్రీలు చూపించిన ప్రాసెసర్ నీ గదిలో 86, 88 చూపిస్తుంది. కంపెనీ ఏదైనా ఇది తప్పదు. అందుకే ఇక్కడివారికి నేను మొదట చెప్పేది వాట్ల సంగతి. 12400ఎఫ్, 5600, 7600 మూడూ 65 వాట్ల తరగతివి, ఆటలో ఎక్కువగా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. 14900కే లాంటిది పూర్తి బరువు మీద 253 వాట్ల దాకా లాగుతుంది. ఆ వేడంతా నీ గదిలోకే వస్తుంది. ఆటలో తేడా 100 వాట్లే అనుకున్నా, రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు 12 యూనిట్లు. బిల్లు కన్నా ఆ ఉక్కపోతే నీకు ఎక్కువ కష్టం.

రెండోది దుమ్ము. పోయిన వేసవిలో బేతంచెర్ల వైపు నుంచి ఒకాయన క్యాబినెట్ తెచ్చారు. నాపరాళ్ళ పాలిష్ యూనిట్ ఆఫీసులో ఉండేదట. ఆట కాదు గదా, లెక్కల ఫైలు తెరిస్తేనే ఆగిపోతోందన్నారు. పక్క తలుపు తీశాను. ఫ్యాను రెక్కలు తెల్లగా, సున్నం పూసినట్టు ఉన్నాయి. ఫ్యాను విప్పితే కింద అల్యూమినియం పలకల సందుల్లో పొడి పేరుకుని ముద్దలా గట్టిపడి ఉంది. వెలుతురుకు పట్టి చూస్తే ఒక్క సందులోంచి కూడా అవతలివైపు కనబడలేదు. థర్మల్ పేస్టు ఎండి పెచ్చులుగా రాలింది. బ్రష్షుతో, బ్లోయర్‌తో గంటసేపు శుభ్రం చేసి కొత్త పేస్టు పెట్టాను. 98 డిగ్రీలు చూపించిన ప్రాసెసర్ 64కు దిగింది. ఆయన అప్పటికే కొత్త ప్రాసెసర్ కొనడానికి డబ్బు తెచ్చుకున్నారు. ఆ డబ్బు జేబులోనే పెట్టుకుని వెళ్ళారు.

ముందువైపు జాలీ ఉండి, దుమ్ము తెర ఊడదీసి కడుక్కోగలిగే క్యాబినెట్ తీసుకో. ముందంతా అద్దం బిగించినవి చూడడానికి బాగుంటాయి, గాలి ఆడదు.

మూడోది, ఇంటెల్ పేరు చివర 'ఎఫ్' ఉంటే దానిలో లోపలి గ్రాఫిక్స్ ఉండదు. గ్రాఫిక్స్ కార్డు హామీ కింద రిపేరుకు వెళితే నెలరోజులు తెర నల్లగానే. 5600లోనూ లేదు. 7600లో చిన్నది ఉంది. ఆటకు చాలదు గానీ కోడింగ్ ఆగదు, గ్రాఫిక్స్ కార్డు చెడిందో బోర్డు చెడిందో తేల్చుకోవడానికి కూడా అదే ఆధారం. చదువుకునే పిల్లవాడికి ఇది చిన్న సంగతి కాదు.

పవర్ సప్లయ్‌లో మాత్రం పిసినారితనం వద్దు.

నాపరాయి_మిత్రుడు (కడప)

రిపేరు గారి టపా చదివి, ఎర్రగుంట్ల దగ్గరున్న మా యూనిట్ ఆఫీసు కంప్యూటర్ మూత ఇప్పుడే తెరిచి చూశాను. అక్కడా అదే తెల్లపొడి. రేపే శుభ్రం చేయిస్తాను, ధన్యవాదాలు.

నేను పోయిన ఏడాది 12400ఎఫ్ తీసుకున్నాను. నా దగ్గర పాత యంత్రం నుంచి 32 జీబీ డీడీఆర్4 (పాత తరం ర్యామ్) కడ్డీలు ఉన్నాయి. 12వ తరం ఇంటెల్ డీడీఆర్4 బోర్డు మీద కూడా నడుస్తుంది కాబట్టి మెమరీ ఖర్చు మిగిలింది, ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డులో పెట్టాను. 7600 తీసుకోవాలంటే కొత్త తరం డీడీఆర్5 కొనక తప్పదు. 2025 చివరి నుంచి మెమరీ ధరలు ఎలా పెరిగాయో అందరికీ తెలుసు. నా పరిస్థితిలో ఉన్నవారికి ఈ రోజుకీ 12400ఎఫ్ మంచి ఎంపిక.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పోపుల డబ్బా సంగతి అమ్మకు చదివి వినిపించాను. "అయితే పెద్ద డబ్బా ఉన్నదే తెచ్చుకో" అంది.

నా దగ్గర పాత కడ్డీలు ఏమీ లేవు. ఇక మిగిలింది 5600, 7600. 5600 తీసుకుంటే గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు పైది వస్తుంది. 7600 అయితే కార్డు దగ్గర తగ్గాలి. ఏది సరి?

టవర్‌క్లాక్_పాతకాపు (అనంతపురం)

ఇక్కడ బోర్డు సాకెట్ సంగతి చూడాలి. 5600 కూర్చునే ఏఎమ్4 సాకెట్‌కు ఆయుష్షు చాలానే దక్కింది. 2017లో మొదటి రైజెన్ కొన్నవారిలో చాలామంది బయాస్ (బోర్డును నడిపే మొదటి ప్రోగ్రాం) మార్చుకుని అదే బోర్డు మీద 5800ఎక్స్3డీ పెట్టుకోగలిగారు. కానీ ఇప్పుడు దాని దారి అయిపోయింది. 12400ఎఫ్ సాకెట్ కూడా 14వ తరంతో ఆగిపోయింది, కోర్ అల్ట్రాకు వేరే సాకెట్ పెట్టారు. 7600 కూర్చునే ఏఎమ్5కు 2027 దాటేదాకా మద్దతు ఇస్తామని ఏఎండీ ప్రకటించింది. నాలుగేళ్ళ దాకా అడగకూడదని మీ నాన్న అన్నారు కదా. ఆ నాలుగేళ్ళు అయ్యాక బోర్డు, మెమరీ కదల్చకుండా ప్రాసెసర్ ఒక్కటి మార్చుకునే వీలు ఏఎమ్5లోనే ఉంది.

నల్లమల_గేమర్ (కర్నూలు)

నేను మొదట ఆవేశపడి రాశాను, పాతకాపు అన్న చెప్పింది న్యాయం. నువ్వు ఎక్కువగా ఆడేది వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్. రెండూ చుక్కల పని ఎక్కువ ఉన్నవే. 144 హెర్ట్జ్ తెర చేతిలో ఉంది. నీకు 7600 సరి. కార్డు ఆర్టీఎక్స్ 4060 స్థాయిది చాలు, అది 115 వాట్లదే కాబట్టి గదికీ మంచిది. సైబర్‌పంక్‌లో రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కగట్టే పద్ధతి) ఆపేసి ఆడుకో. రోజూ సైబర్‌పంకే ఆడేవాడివైతే 5600 తీసుకుని కార్డు పెంచమనేవాడిని.

మైదుకూరు_గురి (కడప)

ఎక్కడ కొంటున్నావు? మేము కడప నుంచి చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళతాం. అనంతపురం వారికి బెంగళూరు ఎస్పీ రోడ్డు. నీకు సికింద్రాబాద్ సీటీసీ అనుకుంటాను. ఎక్కడైనా సరే, సీలు తీయని పెట్టెలో ఉన్నదే అడుగు. పెట్టె లేకుండా ట్రేలో వచ్చినదానికి అమ్మినవారి మాటే హామీ. 7600 పెట్టెలో కూలర్ కూడా వస్తుంది.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

రాత్రి బస్సులో నాన్న, నేను వెళ్ళి వచ్చాం. 7600, బీ650 బోర్డు, 8 జీబీ కడ్డీలు రెండు, 4060, జాలీ ఉన్న క్యాబినెట్. బిల్లులన్నీ నాన్న చొక్కా జేబులో పెట్టుకుని మధ్యలో మూడుసార్లు తడిమి చూసుకున్నారు.

ఇప్పుడే బిగించడం అయింది. ఆన్ చేశాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది. రెండు నిమిషాలు దాటింది. నాన్న పక్కనే నిలబడి ఉన్నారు. దయచేసి ఎవరైనా చెప్పండి.

రాజ్‌విహార్_రిపేరు (కర్నూలు)

కంగారుపడకు. స్విచ్ ముట్టుకోకు. ఏఎమ్5 బోర్డు మొదటిసారి మెమరీని పరీక్షించుకుని సర్దుకుంటుంది. అది కొన్ని నిమిషాలు పడుతుంది, ఆ సమయంలో తెర నల్లగానే ఉంటుంది. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికి వస్తుంది. పది నిమిషాలు ఆగు. అప్పటికీ రాకపోతే కడ్డీలు ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో ఉన్నాయో లేదో చూడు.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

వచ్చింది! నాలుగున్నర నిమిషాలకు వచ్చింది. నాన్న "వెలిగిందిరా" అని అమ్మను పిలిచారు.

విండోస్ పెట్టాను. వాలరెంట్ కోసం సెక్యూర్ బూట్ ఆన్ చేశాను. అయితే మెమరీ వేగం 6000 అని కొన్నాను, ఇక్కడ 4800 చూపిస్తోంది. మోసపోయానా?

లెక్చరర్_అనంతపురం

లేదు నాన్నా. కొనగానే ఇలాంటివి చాలావరకు 4800 దగ్గరే మొదలవుతాయి. బయాస్‌లోకి వెళ్ళి, మెమరీని పెట్టె మీద రాసిన వేగానికి తెచ్చే ఎక్స్‌పో అన్నది ఎనేబుల్ చేసి సేవ్ చెయ్యి. మళ్ళీ ఒకసారి తెర నల్లగా ఉంటుంది, ఆగాలి.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

6000 వచ్చింది మేడమ్. గదిలో 34 డిగ్రీలు, వాలరెంట్ గంట ఆడాక ప్రాసెసర్ 76. ఒక శాతం కనిష్ఠం 190 దగ్గర ఉంది. తమ్ముడు పక్కన కూర్చుని తన వంతు ఎప్పుడని అడుగుతున్నాడు, వాడికి ఇచ్చి వస్తాను.